వంటయింటి గుడ్డలు
మసిగుడ్డ మొదలు వాసెనగుడ్డ వఱకు

మన యిండ్లలో పడకకు దుప్పట్లు గలవు, ద్వారములకు తెరలు గలవు, వచ్చిన చుట్టములకు ప్రత్యేకముగ దాచిన తువ్వాళ్ళు గలవు. పెట్టెలనిండ చీరలు సరేసరి. కాని యింటియందు ప్రతిదినము అగ్నితో వ్యవహారము గల గది వంటయిల్లొక్కటియే గదా! ఆ గదికని శ్రద్ధతో కుట్టి యుంచిన గుడ్డ యెందఱి యిండ్లలో గలదు? చిరిగిన చొక్కా చేయి, పోగులు వ్రేలాడు తుండుముక్క, అవియును చేతికందనినాడు కట్టుకొన్న చీర చెంగు, ఇవియే మనకు మసిగుడ్డలు. ఆభరణమునకు పెట్టె చేయించుదుము; ఆ యాభరణము ధరించు చేతిని మాత్రము కాలిన గిన్నెకు అప్పగించుదుము.

ఈ విషయమును గూర్చి వ్రాయుటకు నాకు కారణము గలదు. నాలుగేండ్ల క్రిందట ధనుర్మాసమున ఒక ఉదయమున, బడికి పోవువారికి వేళ మించుచున్నదను తొందరలో, అన్నపు తపేలాను పొయ్యి మీదనుండి దించబోతిని. మసిగుడ్డ కనబడలేదు. వెదకుటకు తీరిక లేక చెంగును రెండు మడతలు చేసి తపేలా అంచును పట్టుకొంటిని. చెంగు కొస ప్రక్కపొయ్యి మంటను తాకిన సంగతి నాకు తెలియనే లేదు. అది నూలుచీర కాదు, పాలియెస్టరు చీర. నూలైనచో మండియుండును; ఇది మండుచునే కరగి నా యెడమ ముంజేతికి జిగురువలె అంటుకొన్నది. మా అత్తగారు ప్రక్కనున్న బిందెడు నీళ్ళు నామీద గుమ్మరించిరి. అందుచేత బ్రతికి బయటపడితిని. అఱచేయంత మచ్చ మాత్రము మిగిలినది.

ఆ సాయంకాలము ఆమె తన పెట్టెనుండి యొక పాత తెల్లని నూలుచీర తీసి నా యొడిలో బెట్టి, "అమ్మాయీ, చీర కట్టుకొనుటకే గాని గిన్నెలు దించుటకు గాదు. దీనిని చింపి కావలసినన్ని గుడ్డలు కుట్టుకొనుము" అనిరి. "మీ చీరను చింపుటకు నాకు చేతులు రావు, అత్తయ్యగారూ" అంటిని. "చీర పోయిన మఱియొకటి కొందుము" అని మాత్రమే పలికి ఆమె వెడలిపోయిరి. అట్లు మా వంటయింటి గుడ్డలు ప్రారంభమైనవి. వానిని కుట్టుచు, తప్పులు సరిదిద్దుకొనుచు నేను నేర్చినదానిని మీకు విన్నవించుచున్నాను.

మనకే యెందుకింత అవసరము?

పాశ్చాత్యుల వంటపాత్రలకు తరచుగా పొడవైన కాడలుండును. మన తపేలాలకు, గుండిగలకు, గిన్నెలకు కాడలు లేవు, అంచొక్కటియే ఆధారము. పట్టుకారు చిన్నగిన్నెలకు చక్కగ పనికివచ్చును గాని, పప్పుతోనో పాయసముతోనో నిండిన పెద్దపాత్రకు దానిని నమ్మరాదు. అంచు జారిన యెడల పాత్రయంతయు పాదములపై బడును. బరువైన పాత్రను రెండు చేతులతో రెండు ప్రక్కల పట్టవలసినదే. నలుడు పాకశాస్త్రమున ప్రవీణుడని చదివితిమి. భీమసేనుడు విరాటుని కొలువున వలలుడను పేర వంటవాడై యేడాది గడపెనని చదివితిమి. ఆ మహాపాత్రలను వారు దేనితో దించిరో కవులు చెప్పలేదు. వంట చేయువారి చేతులను గూర్చి లోకమునకు చింత తక్కువయని దీనివలన తెలియుచున్నది.

మఱియు పొయ్యి మాఱినది. మా అత్తగారి కాలమున కట్టెలపొయ్యి నేలపై నుండెను. కూర్చుండి, చెంగును నడుమునకు బిగించి దోపి వండుచుండిరి. 1999 లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016 లో దేశమంతట ఉజ్జ్వల పథకము వచ్చిన పిదప మా మెట్టప్రాంతపు పల్లెలలో సైతము గ్యాసుపొయ్యి చేరినది. పొగ తగ్గి కన్నులకును ఊపిరితిత్తులకును మేలు కలిగినది, అందుకు సంతోషింపవలసినదే. కాని యిప్పుడు నిలుచుండి వండుచున్నాము. మంట నడుమెత్తునకు లేచినది. పైటచెఱగు వ్రేలాడునదియు సరిగా నంత యెత్తుననే. రెండు పొయ్యిలు ప్రక్కప్రక్కనే యుండును. నీలిమంట పగటివెలుగున కంటికి చక్కగ కానరాదు. ఆవలి పొయ్యికి చేయి చాచునపుడు ఈవలి పొయ్యిపై చెంగు వ్రాలుట క్షణములో పని. పొయ్యి మాఱినను మన యలవాటు మాఱలేదు. ప్రమాదమంతయు అచ్చటనే యున్నది.

కుట్టుపని మనకు క్రొత్తది గాదు. మన గోదావరి సీమయందే నరసాపురము చుట్టుప్రక్కల స్త్రీలు పందొమ్మిదవ శతాబ్దమునుండి లేసు అల్లుచున్నారు. మిషనరీల మూలమున వచ్చిన ఆ విద్య యింటింట వ్యాపించినది. వారు సన్నని కొక్కెపుసూదితో నల్లిన బల్లగుడ్డలు, పళ్ళెములక్రింద పఱచు వలయములు సముద్రములు దాటి పరదేశపు భోజనశాలల నలంకరించినవి. ఆ స్త్రీల శ్రమకు దక్కు స్వల్పప్రతిఫలమును గూర్చి మారియా మీస్ అను జర్మను విదుషీమణి 1982 లో ఒక గ్రంథమునే ప్రకటించినది. ఆ లేసునకు 2024 లో భౌగోళిక గుర్తింపు లభించినది. పరుల భోజనపుబల్లకు అంతటి సొగసు కూర్చిన చేతులవారమై, మన పొయ్యి ప్రక్కన ఒక మంచి మసిగుడ్డ లేక యుండుట సిగ్గుగాదా?

ఏ గుడ్డ మంచిది?

నూలుగుడ్డయే శ్రేష్ఠము. పాత పంచె, పాత దుప్పటి, అరిగిన టర్కీ తువ్వాలు, ఉదుకుచు నుదుకుచు మెత్తబడిన నేతచీర, ఇవియన్నియు వంటయింటికి తగినవి. పాతగుడ్డ క్రొత్తదానికంటె మేలు. అది యిక ముడుచుకొనదు, నీటిని చక్కగ పీల్చును, సూదికి సులభముగ లొంగును. క్రొత్తగుడ్డ వాడదలచినచో ముందుగా వేడినీళ్ళలో నానబెట్టి, గంజి పోవునట్లు ఉదికి, ఆరిన పిదపనే కత్తిరింపవలయును. అట్లు చేయనియెడల కుట్టిన తరువాత ముడుచుకొని వంకర తిరుగును.

పాలియెస్టరు, నైలాను పోగులు కలిసిన గుడ్డ పొయ్యి దగ్గఱకు రానేరాదు. పాలియెస్టరు సుమారు 250 నుండి 260 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికి కరగును. పొయ్యిమంట యంతకు ఎన్నో మడుగులు వేడిగలది. కరగినది చర్మమున కంటుకొని లోలోపల కాల్చుచుండును. చూచుటకు నూలువలె నుండు మిశ్రమపు గుడ్డలు అంగడిలో పెక్కు గలవు. సందేహము కలిగినచో గుడ్డ అంచునుండి రెండుమూడు పోగులు లాగి, పట్టుకారుతో పట్టి, క్రింద నీళ్ళపళ్ళెము నుంచి వెలిగించి చూడుడు. నూలు కాగితము కాలిన వాసనతో మండి మెత్తని బూడిద యగును. పట్టు, ఉన్ని వెండ్రుకలు కాలిన వాసన నిచ్చును. కృత్రిమపు పోగు కుంచించుకొనిపోయి గట్టి పూసవలె మిగులును. అట్టి పూస కనబడిన గుడ్డను వంటయింటినుండి బహిష్కరింపుడు. ఇపుడు బియ్యము వచ్చు సంచులలో ననేకము ప్లాస్టిక్కు నారతో నేసినవే. గట్టిగ నున్నవి గదాయని వానిని మసిగుడ్డలోపల పెట్టరాదు.

వేడి గుడ్డలోనుండి యెట్లు వచ్చునో కొంచెము తెలిసికొనుట మంచిది. చేతిని కాపాడునది గుడ్డ మాత్రమే గాదు. పొరలనడుమ చిక్కుకొన్న గాలి. గాలి వేడిని మిక్కిలి మెల్లగ సాగనిచ్చును. నీరు గాలికంటె ఇరువది రెట్లకు పైగా త్వరగ సాగనిచ్చును. కావున పొడిగుడ్డ కాపాడిన చేతినే తడిగుడ్డ కాల్చును. తడి ఆవిరియై అఱచేతిని బొబ్బలెక్కించును. చేతులు తుడుచుకొనుగుడ్డ వేఱు, గిన్నె దించుగుడ్డ వేఱు. ఈ రెంటిని ఒక్కటి చేయుటయే మన యిండ్లలో మొదటి పొరపాటు.

మసిగుడ్డ

ఎనిమిదంగుళముల చదరపుముక్కలు ఆఱు కత్తిరింపుడు. పైకి క్రిందికి గట్టిదైన దుప్పటిగుడ్డ రెండు ముక్కలు. లోపల పాత టర్కీ తువ్వాలు రెండు ముక్కలు, పాతపంచె రెండు ముక్కలు. ఆఱు పొరలను అంచులు కలియునట్లు పేర్చి, జాఱకుండ ఎడముగా పచ్చికుట్టు వేయుడు. ఇది తరువాత విప్పునది. పిమ్మట ఒక మూలనుండి ఎదుటి మూలకు సుద్దతో గీతలు గీసి, గీతకును గీతకును ఒకటిన్నర అంగుళము ఎడముంచి, రెండు వైపుల ఏటవాలుగ బొంతకుట్టు కుట్టుడు. మన అవ్వలు బొంతలు కుట్టిన కుట్టే యిది; ముందునకు సాగు సన్నని వరుసకుట్టు. దారము మిక్కిలి బిగించినచో పొరలలోని గాలి పోవును, వదులైనచో ముడుతలు పడును. గుడ్డ చదునుగ నిలుచునంతటి బిగువు చాలును.

అంచునకు రెండంగుళముల వెడల్పుగల ముక్కను చుట్టును వేసి, అరంగుళము లోనికి మడిచి బఖియా కుట్టు కుట్టవలయును. ఒక మూలలో నాలుగంగుళముల నాడాముక్కను మడిచి వంకీవలె కుట్టిన మేకునకు తగిలింపవచ్చును. మేకు పొయ్యికి మూరెడు దూరమున, కుడిచేతి వైపున నుండవలయును. వెదకినచోట నుండని మసిగుడ్డ లేనిదానితో సమానము. నాకు జరిగినది మీ రెఱుగుదురు. ఇట్టివి రెండు జతలు కుట్టుడు. ఒకటి ఉదుకులో నున్నపుడు మఱియొకటి పనికివచ్చును.

కుట్టిన పిదప పరీక్షింపుడు. మరగునీళ్ళు సగము పోసిన గిన్నెను పట్టుకొని మెల్లగ పది యంకెలు లెక్కింపుడు. వేడి అఱచేతికి దిగినచో ఇంకొక పొర చేర్పవలయును. పొరలు మితిమీఱి పెంచినను కష్టమే. వ్రేళ్ళు వంగక పాత్ర జాఱును. కాపాడవలయును, పట్టు తప్పరాదు. ఈ రెంటి నడుమ మీ చేతికి తగిన మందమును మీరే కనుగొనవలయును.

జోడుచేతుల గుడ్డ

పెద్దపాత్రలు దించువారికి ఇది మిక్కిలి ఉపకారము. ముప్పదంగుళముల పొడవు, ఎనిమిదంగుళముల వెడల్పు గల పట్టీని పైన చెప్పినట్లే పొరలువేసి బొంతకుట్టు కుట్టుడు. వేఱుగ ఎనిమిదంగుళముల చదరములు రెండు, ఇవియును పొరలతో సిద్ధపఱచి, ఒక్కొక్కదానికి ఒక అంచు మడిచి కుట్టుడు. వానిని పట్టీ రెండు కొసలయందు ఉంచి, మడిచిన అంచు పట్టీ నడుమవైపు నుండునట్లు మూడు ప్రక్కల కుట్టినచో రెండు జేబు లేర్పడును. రెండు చేతులు ఆ జేబులలో దూర్చి పాత్రను పట్టవచ్చును. నడుమనున్న పట్టీ పొట్టకును పాత్రకును మధ్య అడ్డమై నిలుచును. జేబు వదులుగ నుండవలయును. ఇఱుకైనచో వేడినూనె చిందినపుడు చేయి వెంటనే వెలికి రాదు.

చుట్టకుదురు

గుండ్రని అడుగుగల పాత్ర రాతిబల్లపై నిలువక దొర్లును. దానికి కుదురు కావలయును. నీళ్ళబిందె తలకెత్తుకొనుటకు మన పల్లెలవారు చుట్టు చుట్టకుదురే యిది. కొంచెము స్థిరముగ కుట్టుదము. పాత నూలుచీరనుండి రెండు గజముల పొడవు, నాలుగంగుళముల వెడల్పు గల మూడు పేలికలు చింపి, ఒక్కొక్కదానిని నిలువున మడిచి, మూడింటిని జడవలె అల్లుడు. అల్లునపుడు పొడవు మూడవవంతు తగ్గి నలువది యెనిమిదంగుళములు మిగులును. లోపలి ఖాళీ అయిదంగుళము లుండునట్లు రెండు చుట్లు చుట్టి, ఒక చుట్టును మఱియొక చుట్టునకు గట్టి దారముతో అడుగుప్రక్క కలిపి కుట్టుడు. కొసలను అడుగునకు మడిచి కప్పిపుచ్చవలయును. వేడిపాత్రను దీనిపై నుంచినచో బల్లయు చెడదు, పాత్రయు కదలదు. క్రొత్తగా సూది పట్టిన ఆడపిల్లలకు మొదట దీనినే నేర్పుడు. జడ యల్లుట వారికి తెలిసినదే గదా! ఒక సాయంకాలమున పూర్తియగును. పూర్తిచేసితినను సంతోషము వారిని తరువాతి పనికి పురికొల్పును.

వడగట్టు గుడ్డ

పలుచని మల్లుగుడ్డ పదునెనిమిదంగుళముల చదరము చాలును. అంచును పావు అంగుళము చొప్పున రెండుసార్లు లోనికి మడిచి సన్నని మడతకుట్టు కుట్టుడు. ఒక్కసారి మాత్రమే మడిచినచో పోగులు ఊడి పదార్థమున పడును. నాలుగు మూలలను నాడావంకీలు కుట్టినయెడల నాలుగింటిని కలిపి మేకునకు వ్రేలాడదీయవచ్చును. విరిగిన పాలు గాని పెరుగు గాని తనంతట నీరోడును, పిండ నక్కఱ లేదు. చింతపండు పులుసునకు ఒక గుడ్డ, పాలకు పెరుగునకు ఒక గుడ్డ వేఱుగ నుండవలయును. గుర్తు తెలియుటకు పులుసుగుడ్డ మూలలో ఎఱ్ఱదారముతో చిన్న గీత కుట్టుకొనుడు. రంగుగుడ్డను వడగట్టుటకు వాడరాదు. రంగు దిగును, మాలిన్యము కంటికి కనబడదు.

వాసెనగుడ్డ

వేసవి వచ్చినదనిన మన యిండ్ల ఆవకాయ జాడీలు బయటికి వచ్చును. జాడీ మూతికి గుడ్డ కట్టుటను వాసెనకట్టుట యందుము. గుడ్డ ఈగను, దుమ్మును రానీయదు. లోపలి చెమ్మను మాత్రము వెలికి పోనిచ్చును. త్రాడుతో కట్టు గుడ్డ ప్రతిసారియు జాఱును. మూడవనాడు తిరుగగలుపుటకు విప్పినపుడు ముడి చిక్కుపడును. నాడా దూర్చిన గుండ్రని గుడ్డ కుట్టుకొన్నచో ఈ చిక్కు లేదు.

కొలత యిట్లు వేయుడు. జాడీ మూతి అడ్డుకొలత ఏడంగుళములనుకొందము. చుట్టును మూడంగుళములు క్రిందికి దిగవలయును, అనగా రెండు ప్రక్కలకు ఆఱు. నాడా దూర్చు మడతకు చుట్టును అరంగుళము, అనగా రెండు ప్రక్కలకు ఒకటి. మొత్తము పదునాలుగంగుళముల వృత్తము. పదునాలుగంగుళముల చదరపుగుడ్డను నాలుగు మడతలు చేసి, మడతలు కలిసిన మూలనుండి ఏడంగుళముల దారమునకు సుద్దముక్క కట్టి త్రిప్పి గీత గీసి కత్తిరింపుడు. గుండ్రని అంచు మడిచినపుడు ముడుతలు పడును. అంచువెంబడి ఎడముకుట్టు ఒకటి వేసి దారమును మెల్లగ లాగినచో ముడుతలు సమముగ సర్దుకొనును. మడతను కుట్టి, నాడా దూర్చుటకు అంగుళము ఖాళీ విడువవలయును.

ఆవిరికుడుము వండుటకు పాత్రమూతికి కట్టునదియు వాసెనయే. కాని దానికి ఊరగాయగుడ్డ పనికిరాదు, వేఱొకటి యుంచుకొనుడు. దానిని కట్టునపుడు కొసలను క్రిందికి వ్రేలాడనీయక, మూతపైకి మడిచి ముడివేయుడు. వ్రేలాడు కొస మంటనందుకొనును. పండుగనాటి హడావుడిలో ఇది మఱవదగినది కాదు.

మడియు, శుభ్రతయు

కుట్టినగుడ్డ మడికి పనికిరాదని కొందఱు పెద్దలు శంకింతురు. మా అత్తగారికి నా శంక కలిగినది. ఆమె తానే యుపాయము చెప్పిరి: మడివంటకు గుడ్డలు వేఱుగ నుంచి, ప్రతిదినము తడిపి, పైదండెమున ఎవరును తాకకుండ ఆరవేయుట, కుట్టు వలదనువారు నూలుపంచె ముక్కను ఎనిమిది మడతలు చేసి కుట్టులేకయే వాడుకొనుట. ఆచారమునకు లోపము రాదు, చేయి కాలదు. ఆచారమును నిలుపుకొనుచు చేతిని కాచుకొనుటకు త్రోవ వెదకిన దొరకునని నేను గ్రహించితిని.

మడి పాటించినను పాటింపకున్నను శుభ్రత యందఱిది. తడిసి ముద్దగ పడియున్న గుడ్డలో కంటికి కానరాని సూక్ష్మజీవులు గంటలలో పెరుగును. దానితోనే పళ్ళెము తుడిచినచో కడిగిన ఫలమంతయు పోవును. తుడుచుగుడ్డలను దినమున కొకటి చొప్పున మార్చుడు. మఱగునీళ్ళలో అయిదు నిమిషములుంచి, ఉదికి, ఎండలో ఆరవేయుడు. మా మెట్టసీమ యెండ యందఱును నిందించునదే గాని, గుడ్డల కంతటి వైద్యుడు లేడు. నూనె పీల్చిన మసిగుడ్డ త్వరగ నంటుకొనును. దానిని వారమున కొకసారి సబ్బునీళ్ళలో ఉడికింపక తప్పదు. నడుమ చిల్లుపడినదానిని అతుకువేసి వాడక, తీసివేసి క్రొత్తది కుట్టుకొనుడు. చీరకు అతుకు చెల్లును, మసిగుడ్డకు చెల్లదు.

కాలినచో

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు కాలును. అపుడు చేయవలసినది మొదట చల్లని నీటిధార. కాలినచోటును కుళాయిక్రింద ఇరువది నిమిషములు విడువక పట్టవలయును. మంచుగడ్డ పెట్టరాదు. సిరా, దోసెపిండి, నెయ్యి, పండ్లపేస్టు మన యూళ్ళలో రాయునవన్నియు కీడునే కలిగించును; వేడిని లోపల నిలుపును, పుండును మలినపఱచును. వాపు రాకమునుపే గాజులు, ఉంగరములు తీసివేయుడు. అంటుకొన్న గుడ్డను లాగరాదు. శుభ్రమైన గుడ్డను వదులుగ కప్పి వైద్యునికి చూపుడు. ముఖము, చేతులు, కీళ్ళు కాలినను, అఱచేతికంటె పెద్దదిగ కాలినను, పసిబిడ్డలకు ఎంత కొంచెము కాలినను ఇంటివైద్యము పనికిరాదు. 108 నకు కబురుపెట్టుడు. కట్టుకొన్న చీర అంటుకొన్నచో పరుగెత్తరాదు. పరుగువలన గాలి తగిలి మంట పెరుగును. నేలపై పడుకొని దొర్లవలయును. దగ్గఱనున్నవారు నీళ్ళు పోయవలయును, లేదా మందపు నూలుదుప్పటి కప్పవలయును. ఈ మాటలను మీ యింటి ఆడపిల్లలకు సూది పట్టించునాడే చెప్పుడు.

గుడ్డ జీవితము

మా కామవరపుకోటకు చేరువనే గుంటుపల్లి బౌద్ధగుహలు గలవు. క్రీస్తుకు పూర్వపు శతాబ్దములలో భిక్షువులు వసించిన కొండయది. గుండ్రని గుహాలయపు పైకప్పును పూరిగుడిసె వాసములవలె రాతిలో తొలిచిరి; చూచినవారికి కప్పు కొయ్యతో కట్టినదేమో యనిపించును. ఆ భిక్షువులకు ఆస్తి కట్టుగుడ్డలు, భిక్షాపాత్ర మాత్రమే గదా! వారి వినయగ్రంథమైన చుల్లవగ్గమున నొక కథ గలదు. కౌశాంబి నేలిన ఉదయనుని రాణులు ఆనందునకు అయిదువందల వస్త్రములు దానము చేసిరట. ఇన్ని గుడ్డ లేమి చేసికొందువని రాజు ప్రశ్నించెను. చిరిగినవి కట్టుకొన్న భిక్షువులకు పంచిపెట్టుదు ననెను ఆనందుడు. మఱి ఆ పాతవో? అవి పైకప్పుకొను దుప్పట్లగును. దుప్పట్లు పాతబడినచో పఱుపుల గవుసెనలు, పిదప నేలపై పఱచునవి, పిదప కాళ్ళు తుడుచుకొనునవి, పిదప దుమ్ము దులుపునవి. చివర కవియును చిరిగినచో ముక్కలుచేసి బురదతో పిసికి నేల అలుకుదు రనెను. రాజు సంతోషించి మఱి యయిదువందల వస్త్రములిచ్చెను.

ఆ కథ చదివినపుడు నాకు రాజసభ తోపలేదు, మా వంటయిల్లే తోచినది. మన తల్లులును అవ్వలును ఆ లెక్క నెవరును చెప్పకయే నడపిరి. పెండ్లినాటి చీర పాతబడి బిడ్డకు ఊయెలయైనది, ఊయెల చిరిగి బొంతయైనది, బొంత అరిగి మసిగుడ్డయైనది. వారు చేసిన దానికి లోభమని పేరుపెట్టువారు గలరు. పోగు నేయుటకు పట్టిన శ్రమ యెఱిగినవారి మర్యాద యది.

మా అత్తగారు క్రిందటి సంవత్సరము గతించిరి. ఆమె ఇచ్చిన తెల్లచీరలో మసిగుడ్డలు రెండు కాలి పోయినవి, చుట్టకుదురు నలుపెక్కినది. అంచుముక్క యొకటి మాత్రము మిగిలియుండగా ఈ వేసవి ఆవకాయ జాడీకి వాసెన కుట్టితిని. మొదటి దినమున చింపుటకు చేతులు రాని నేను, ఇప్పుడు ఆ జాడీ తెఱచినపుడెల్ల ఆ గుడ్డను మడిచి ప్రక్కన బెట్టి మఱల కట్టుచున్నాను. పెట్టెలో దాచియుంచినచో ఈపాటికి పురుగులు తినియుండును.

సోదరీమణులారా! మీ పెట్టెయడుగున అట్టి నూలుచీర యొకటి తప్పక యుండును. ఈ ఆదివారమున దానిని వెలికిదీయుడు. కత్తెర, సూది, దారము చాలును. కుట్టుమిషను లేదను సాకు వలదు. మొదట ఒక్క మసిగుడ్డ కుట్టి పొయ్యి ప్రక్క మేకునకు తగిలింపుడు. ఆ పిమ్మట గిన్నె దించునపుడు మీ చేయి చెంగునకు గాక మేకునకు పోవుట యలవాటైన నాడు నా యీ వ్రాత సార్థకమగును.